ప్రమాణానికి ప్రమాణం

లినక్స్‌లో సాధారణంగా లభించే ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే ఉపకరణం ఫైలులోని సమాచారాన్నంతటినీ 64 అక్షరాల ముద్రగా, అంటే ఒక్క బిట్టు మారినా గుర్తుపట్టలేనంతగా మారిపోయే సంకేతంగా, కుదిస్తుంది. ముందే భద్రపరచిన ముద్రతో ఇది సరిపోలకపోతే ఫైలు మారిందని తెలుస్తుంది గాని, ఆ మార్పుకు అనుమతి ఉన్నదో లేదో తెలియదు. అయితే చొరబాటుదారు ఆ ఉపకరణాన్నే మార్చివేస్తే దాని సాక్ష్యాన్ని దేనితో పరీక్షించాలి? ఇలాంటి ప్రశ్నే భారతీయ దర్శనాల్లో న్యాయ, మీమాంస శాఖల మధ్య వాదంగా నడిచింది: జ్ఞానపు యథార్థతను వేరొక ఆధారమే నిర్ధారించాలనే నైయాయికుల పరతఃప్రామాణ్య వాదంపై మీమాంసకులు మోపిన దోషం అనవస్థ, అనగా పరీక్షకు మరో పరీక్ష అంతులేకుండా కావలసిరావడం. తప్పని చూపే బాధకజ్ఞానం కలిగేవరకు జ్ఞానం స్వతహాగా ప్రమాణమేనన్న మీమాంసకుడు కుమారిలభట్టు పక్షం తర్కపరంగా బలమైనదే అయినా, ఆ బాధకాన్ని పుట్టనివ్వకపోవడమే పనిగా గల చొరబాటుదారు ఉన్నచోట అది చాలదు. ముద్రలను మార్పుకు వీలులేని డిస్కులో ఉంచి, వేరే యంత్రం నుంచి పరీక్షించే ఆచారం నైయాయికులకే దగ్గర.