అరువు వేషం, సొంత ఆట

1966లో అమెరికా టీవీలో ‘మంకీస్’ అనే పాటల బృందం పుట్టింది. నలుగురు కుర్రాళ్లను టీవీవాళ్లే ఏరుకున్నారు. తొలి రెండు ఆల్బమ్‌లలో పాటలు, వాయిద్యాలు చాలావరకు ఇతరులవి. ముఖాలు, గొంతులు వీళ్లవి. ఆ పేరు వాళ్లకే బరువైంది. పట్టుబట్టి 1967లో ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్‌కు ఎక్కువగా తామే వాయించారు. అమ్మకాల్లో అది మొదటి స్థానానికి చేరింది. అయినా ‘తయారుచేసిన బృందం’ అన్న మాట వాళ్లను వదల్లేదు.

మాకెందుకీ కథ? అరకులో పర్యాటకుల ముందు మా వాళ్లు థింసా ఆడుతున్నారు. పెళ్లికీ పండగకీ ఊరంతా ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడే ఆట అక్కడ కాసేపటి వినోదం. కూలికి ఆడడం తప్పని మేము అనం. పూట గడవాలి కదా!

కానీ ఒక తేడా ఉంది. మంకీస్ అరువు పాటల్లోంచి సొంత పాటకు నడవాల్సి వచ్చింది. మాకు ఆట సొంతం, వేషమే అరువు. కాబట్టి తప్పు వేషం కట్టడంలో లేదు. ఏది ఆడాలో, ఎంతసేపు ఆడాలో ఎవరు చెబుతున్నారన్న దాంట్లో ఉంది. ఆ మాట మాదే కావాలి. చూసేవాళ్లు దాన్ని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. అందాకా తుడుము, మోరి మా పిల్లలు నేర్వాలి. చూడ్డానికి ఎవరూ రాని రాత్రి కూడా మా ఊళ్లో ఆట సాగాలి.