ఓడినవాళ్ల తెలివి

అజ్టెక్ సామ్రాజ్యం ఎలా కూలిందని అడిగితే చదువుకున్నవాళ్లలో చాలామంది ఠక్కున చెప్పే కథ ఒకటుంది. ఎప్పుడో తూర్పు సముద్రం వైపు వెళ్లిపోయిన కెత్సల్కోవాత్ల్ అనే దేవుడు మళ్లీ వస్తాడని అక్కడివాళ్ల నమ్మకమట. 1519లో ఎర్నాన్ కోర్తెస్ అయిదారు వందల మంది స్పానిష్ సిపాయిలతో, 16 గుర్రాలతో ఒడ్డున దిగితే, వచ్చింది ఆ దేవుడేననుకొని మోక్తెజూమా చక్రవర్తికి గుండె జారిపోయి, రాజధానికి తానే దారి ఇచ్చాడట. చెప్పడానికి తేలిక, గుర్తుంచుకోవడానికి ఇంకా తేలిక. అందుకే శతాబ్దాలుగా చెల్లుబాటవుతోంది. అయితే ఇది ఒక యుద్ధాన్ని మూఢనమ్మకం కింద జమకట్టేస్తుంది. ఓడినవాళ్లు కూడా ఆలోచించారని, ఎత్తులు వేశారని, వాటిలో కొన్ని తప్పాయని ఒప్పుకోవలసిన పని లేకుండా చేస్తుంది. నేను చూసినంతలో, ఆనాటి ఆధారాలు ఈ కథను నిలబెట్టవు.

ముందు కోర్తెస్ మాటే విందాం. 1520 అక్టోబరులో స్పెయిన్ రాజుకు రాసిన ఉత్తరంలో అతను మోక్తెజూమా నోట ఒక పెద్ద ప్రసంగం పెట్టాడు. తమ పూర్వీకుల్ని ఈ దేశానికి తెచ్చిన ప్రభువు ఒకడు తిరిగి వెళ్లిపోయాడని, అతని సంతతి వస్తుందని ఎదురుచూస్తున్నామని, మీ రాజే మాకు అసలు ప్రభువని అందులో ఉంది. కెత్సల్కోవాత్ల్ పేరు మాత్రం ఎక్కడా లేదు. పైగా ఆ ప్రసంగంలోనే మోక్తెజూమా ఒంటి మీది బట్ట తొలగించి, తానూ రక్తమాంసాలున్న మనిషినేనని చూపిస్తాడు. ఈ మాటలైనా అతను నిజంగా అన్నాడా అంటే నాకు గట్టి అనుమానమే. క్యూబా గవర్నరు వెలాస్కెస్ ఆజ్ఞను కాదని బయల్దేరిన కోర్తెస్, రాజు కళ్లలో తిరుగుబాటుదారుగా పడే ప్రమాదంలో ఉన్నాడు. చక్రవర్తి ఇష్టపూర్వకంగా లొంగాడని కాగితం మీద పడితే, ఆ తర్వాత అక్కడివాళ్లు కత్తి పట్టడం రాజద్రోహమవుతుంది, కోర్తెస్ చేసిన యుద్ధం దానికి శిక్ష అవుతుంది. కొంతకాలం నోటరీ పని చేసిన చేయి కదా. దేవుడి కథ ముదిరింది ఆ తర్వాతి దశాబ్దాల్లో, సన్యాసుల రాతల్లోనూ, మెక్సికోలో ఏనాడూ కాలు పెట్టని గోమారా 1552లో అచ్చువేయించిన చరిత్రలోనూ.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. స్పానిష్‌వాళ్ల సంగతి సరే, ఫ్లోరెంటైన్ కోడెక్స్ పన్నెండో పుస్తకం మాటేమిటి? అది అక్కడి పెద్దలు చెప్పగా, చదువుకున్న అక్కడి యువకులే తమ నవాత్ల్ భాషలో రాసింది. ఎనిమిది అపశకునాలూ, దేవుడొచ్చాడని మోక్తెజూమా వణికిపోయిన కథా అందులోనూ ఉన్నాయి. ఓడినవాళ్లే ఒప్పుకున్నదాన్ని మనం కాదనడమేమిటని అడగవచ్చు. అయితే ఆ మాట చెప్పిందెవరో, ఎప్పుడు చెప్పారో చూడాలి. సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ కథనాన్ని రాయించింది 1550లలో, అంటే నగరం పడిపోయిన ముప్పయ్యేళ్లు దాటాక. చెప్పినవాళ్లు ఎక్కువగా త్లాతెలోల్కోవాళ్లు. రాజధాని టెనోచ్టిట్లాన్ ఉన్న దీవి మీదే పక్కనున్న నగరం త్లాతెలోల్కో. 1473లో దాన్ని ఓడించి తన కింద పెట్టుకున్నది టెనోచ్టిట్లానే. తప్పంతా మోక్తెజూమా పిరికితనానిదని, చివరిదాకా నిలిచి పోరాడింది తామేనని చెప్పుకోవడంలో వాళ్లకు ఓదార్పు ఉంది, పాత పగ తీరడమూ ఉంది. ఇక శకునాలంటారా, కొంప మునిగాక ముందే సూచనలు కనబడ్డాయని చెప్పుకోని జనం ఎక్కడున్నారు?

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి 1521లో కోర్తెస్ నగరాన్ని ముట్టడించిన రోజుల వివరాలు. ఫిరంగి గుండు తిన్నగా దూసుకొస్తుందని గమనించాక పోరాటగాళ్లు పడవల్ని తిన్నగా నడపడం మానేసి, వంకర టింకరగా తిప్పుతూ నడిపారు. పేలబోతోందని పసిగట్టగానే ఒదిగి కూర్చున్నారు. స్పానిష్‌వాళ్లు వదిలి పారిపోయిన ఒక ఫిరంగిని లాక్కుపోయి నీళ్లలో పడేశారు. శత్రువుల రాతలు కూడా ఇదే చెబుతాయి. దొరికిన స్పానిష్ కత్తుల్ని పొడుగాటి కర్రలకు బిగించి గుర్రాల మీదికి వాడారు. కోర్తెస్ కట్టించిన ఓడలు చిక్కుకునేలా సరస్సు అడుగున గుంజలు పాతారు. పగలు శత్రువు పూడ్చిన గండ్లను రాత్రికి మళ్లీ తవ్వారు. అంతకుముందే, 1520 జూన్ 30 రాత్రి, ఆ దేవుళ్లనే వందలకొద్దీ చంపి ఊరవతలికి తరిమారు. ఒకే పుస్తకం భయపడ్డ రాజునూ, కొద్ది రోజుల్లోనే కొత్త ఆయుధం గుట్టు పట్టిన జనాన్నీ చూపిస్తోంది. మొదటిది రాజు మనసులో ఏముందో ఊహించి చెప్పినది. రెండోది చెప్పేవాళ్లు పడవలో కూర్చుని చూసినది. నేను రెండోదాన్నే నమ్ముతాను.

మరి 1519 నవంబరు 8న కోర్తెస్‌ను నగరంలోకి ఎందుకు రానిచ్చినట్టు? అప్పటికి మోక్తెజూమాకు తెలియనిది లేదు. తీరానికి చిత్రకారుల్ని పంపి ఓడలూ గుర్రాలూ బొమ్మలు గీయించి తెప్పించుకున్నాడు. త్లాష్కాలా రాజ్యం మొదట కోర్తెస్‌తో తలపడి తర్వాత చేతులు కలిపిందని, ఇద్దరూ కలిసి చోలూలా నగరంలో జనాన్ని ఊచకోత కోశారని విన్నాడు. బయట మైదానంలో తలపడి దెబ్బతింటే సామంతులు ఒక్కొక్కరే జారుకుంటారు. ఊళ్లో అతిథిగా దించితే చుట్టూ సరస్సు, వంతెనలన్నీ తన చేతిలో. నాకు తోచినంతలో అతని ఎత్తు ఇది. అది బెడిసికొట్టి అతనే బందీ అయ్యాడు. బెడిసికొట్టినంత మాత్రాన దాన్ని భక్తి అనలేం.

సామ్రాజ్యాన్ని కూల్చినవి ముఖ్యంగా రెండు: ఇరుగుపొరుగు పగ, మశూచి. త్లాష్కాలా చుట్టూ అజ్టెక్‌లు దారులు మూసేస్తే అక్కడివాళ్లు ఏళ్ల తరబడి ఉప్పు లేని కూడు తిన్నారు. 1521 ముట్టడిలో కోర్తెస్ వెంట నడిచినవాళ్లలో స్పానిష్‌వాళ్లు వందల్లో ఉంటే, త్లాష్కాలా వగైరా స్థానికులు వేలకు వేలు. ముట్టడికి వాడిన 13 ఓడల కలప త్లాష్కాలా నుంచి కూలీల భుజాల మీదే సరస్సు దాకా వచ్చింది. నరబలుల రాజ్యాన్ని దాని బాధితులే కూల్చారు, న్యాయమే జరిగిందని కొందరంటారు. బలుల్ని నేను కప్పిపుచ్చను. మెక్సికో నగరంలో 2015 నుంచి బయటపడుతున్న పుర్రెల గోడలో ఆడవాళ్లవీ పిల్లలవీ ఉన్నాయి. కానీ త్లాష్కాలావాళ్లూ నరబలి ఇచ్చేవాళ్లే. వాళ్ల తగాదా కప్పాలతో, దారులతో, ఉప్పుతో. ఇక 1520లో వచ్చిపడ్డ మశూచి, మోక్తెజూమా తర్వాత వచ్చిన కొత్త చక్రవర్తి కుయిత్లావాక్‌ను గద్దెనెక్కిన మూడు నెలల లోపే పొట్టన పెట్టుకుంది. ముట్టడి మొదలయ్యేసరికే నగరం సగం చచ్చి ఉంది.

సరిగ్గా ఆ 1520లోనే మన దక్కనులో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, ఫిగెరేదో అనే పోర్చుగీసు, కొద్దిమంది తుపాకిదారులతో ఆయన పక్షాన నిలిచాడు. ఆ విజయాన్ని పోర్చుగల్ ఖాతాలో ఎవరూ వేయలేదు, వాళ్లను ఇక్కడివాళ్లు దేవుళ్లనుకున్నారని ఎవరూ రాయలేదు. గుర్రాలూ ఫిరంగులూ ఇక్కడ కొత్త కావు, మశూచి అసలే కొత్త కాదు. స్థానికుల యుద్ధంలో చేరిన విదేశీయుడు యజమాని కావడానికి అతని తెలివి ఒక్కటే చాలదని అనుకోవడానికి ఈ పోలిక నాకు సాయపడుతుంది.

టెనోచ్టిట్లాన్ 1521 ఆగస్టు 13న పడింది. గెలిచామనుకున్న స్థానికులకు అసలు సంగతి తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. కోర్తెస్ వెనక ఎన్ని ఓడలు రాబోతున్నాయో, 1545లో, 1576లో వచ్చే పెనువ్యాధులు ఎంతమందిని తుడిచిపెడతాయో వాళ్ల లెక్కకు అందనివి. 1560లో, కోర్తెస్‌కు సాయపడ్డ వెహోత్సింగో పట్టణ సభ రాజు రెండో ఫెలిపేకు నవాత్ల్ భాషలో ఒక అర్జీ పంపింది. మీవాళ్ల మీద మేం ఏనాడూ బాణం వేయలేదు, తిండి పెట్టాం, గాయపడ్డవాళ్లను వీపుల మీద మోశాం. మొదట మీతో యుద్ధం చేసిన త్లాష్కాలావాళ్లకేమో కప్పంలో మినహాయింపులు, మాకేమో మోయలేని పన్ను, ఇదెక్కడి న్యాయమని అందులో నిలదీశారు.