ఆ అంకె ఎవరు రాశారు?

ఆల్థాన్, సూరత్

చిరంజీవి బుజ్జికి పెద్దబాపు రాస్తున్నది.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎమ్మెస్‌కు అమెరికాలో సీటొచ్చిందన్న నీ మెసేజ్‌ను మీ పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. విని, ఇది కంప్యూటర్ చదువా, వ్యాపారం చదువా అని అడిగింది. సిరిసిల్లలో మీ బాపుకు ఫోన్ చేసి అడిగితే ఆయనా నీళ్లు నమిలాడు. బ్యాంకు అప్పు కాగితం మీద సంతకం పెట్టబోయే మనిషికి కనీసం ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు తెలియాలి కదా బిడ్డా. అందుకే ఈ ఉత్తరం.

ఒక సంస్థలో ఎవరికి ఏ సంగతి తెలియాలి? అది ఎవరి దగ్గర్నుంచి, ఎంతలోపు రావాలి? తప్పు వస్తే ఎవరు దిద్దాలి? కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఇది మా పని కాదన్నారు, మేనేజ్‌మెంట్ వాళ్లు మాకు అర్థం కాదన్నారు. 1960ల చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్, ఆయన సహచరులు ఈ ప్రశ్నలను ఒక చోట చేర్చి విడి చదువుగా నిలబెట్టారు. ఆ విశ్వవిద్యాలయం నుంచే 1977లో ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పత్రిక మొదలైంది. ఈ రంగంలో ఇప్పటికీ పెద్దపీట దానిదే. సిలబస్‌లో డేటాబేస్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, సెక్యూరిటీ, అనలిటిక్స్ అని ఉంటాయి. వాటి సంగతి పెద్దబాపు కంటే నీకే బాగా తెలుసు. సిలబస్‌లో లేని ప్రశ్న ఒకటుంది, రికార్డుకెక్కిన అంకె ఎవరు రాశారని; ఈ ఉత్తరం దాని గురించే.

పేరు తెలియకపోయినా సూరత్ మరమగ్గాల మీద ఈ చదువు రోజూ నడుస్తుంది. ఉధ్నా, లింబాయత్ వైపు మన పద్మశాలీలు ఎందరో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల కోసం ఇక్కడి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మీ దగ్గర సాంచా అంటారు, ఇక్కడ లూమ్ అంటారు, కష్టం ఒకటే. షిఫ్టు దిగేముందు మగ్గం నడిపే కారీగర్ జేబులోంచి నూనె మరకల నోటుబుక్కు తీసి తాకా (గుడ్డ చుట్ట) నంబరు, మీటర్లు రాసుకుంటాడు. అదే తాకాను బల్ల మీద కొలిచి, లెక్కలు చూసే మెహతాజీ ఇంకో అంకె వేస్తాడు. రింగ్ రోడ్డు మార్కెట్‌లో వ్యాపారి గుమాస్తా గుడ్డ విప్పి, డ్యామేజీ కోసేసి మూడో అంకె వేస్తాడు. కూలి ఏ అంకె మీద కట్టాలి? పెద్దబాపు మెహతాజీగా కూర్చున్నన్నాళ్లూ ఇదే తగవు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. స్క్రీన్ మీద ఒకే అంకె మిగిలింది, అది సేఠ్ గారి అంకె. కారీగర్ నోటుబుక్కుకు అందులో గడి లేదు. తగవు తీరిపోయిందని సేఠ్‌లు సంబరపడ్డారు. కారీగర్లను ఎవరూ అడగలేదు.

ఈ ఊళ్లోనే జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. 1994 సెప్టెంబర్‌లో ఇక్కడ ప్లేగు బయటపడింది. దేశం మొత్తం మీద పోయిన ప్రాణాలు 50 పైచిలుకు. భయానికి మాత్రం లెక్క లేదు. లక్షల మంది మూటాముల్లె కట్టుకుని రైళ్లెక్కారు. మరుసటి ఏడాది మేలో మున్సిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు వచ్చారు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. చెత్త ఎత్తించారు, అక్రమ కట్టడాలు కూల్చారు, శుభ్రత లేని హోటళ్లు మూయించారు అని ఇప్పటికీ జనం కథలు కథలుగా చెప్పుకుంటారు.

జనం అంతగా చెప్పుకోనిది ఆయన కబురు నడిపించిన తీరు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, ఒక్కో జోన్ అధికారికి కమిషనర్ అధికారాలు అప్పజెప్పారు. ప్రతి కాగితం పై దాకా వెళ్లి రావాల్సిన పని తప్పింది. పొద్దున అధికారులంతా వీధుల్లో ఉండాలి, మధ్యాహ్నం ఒకచోట కూర్చుని చూసింది చెప్పాలి. దీనికి ఆయన పెట్టుకున్న పేరు 'ఏసీ నుంచి డీసీకి', అంటే ఏసీ గదుల నుంచి డైలీ చోర్స్‌కు. ఏ పేటలో ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాల కేసులు అన్న లెక్క రోజూ రావాలి. లెక్క పెరిగిన చోటికి నీళ్ల పైపు చూసేవాళ్లు, మురుగు తీసేవాళ్లు వెళ్లాలి. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరతే అంది. 1998లో రావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ అలవాటు పూర్తిగా చెడలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో పాటు మొదటి ర్యాంకు సూరత్‌ది.

ఇందులో గొప్ప సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. లెక్క రాసేవాడు కళ్లారా చూసి రాశాడు, చదివేవాడు ఆ రోజే చదివాడు. అంతే.

అదే ఊరు 2006 ఆగస్టులో వరదలో మునిగింది. ఎగువన మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో కుండపోత. ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన తాపీ నది మీద ఉకాయ్ డ్యామ్ అప్పటికే చాలావరకు నిండి ఉంది. సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదలక తప్పలేదు. ఊళ్లో సింహభాగం నీళ్లలో ఉండిపోయింది. పైన పడ్డ వాన సంగతి, డ్యామ్‌లోకి ఎంత రాబోతోందన్న అంచనా, కింద జనానికి హెచ్చరిక, ఈ మూడూ ఒక గొలుసుగా ఉండాలని ఆ తర్వాత తెలిసొచ్చింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో ముందస్తు హెచ్చరిక ఏర్పాటు కట్టుకున్నారు. నీ చదువులో కేస్ స్టడీ రాయమన్నప్పుడు ఏదో అమెరికా కంపెనీ గురించి కాకుండా తాపీ నది గురించి రాయి.

ఇక మనవైపు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. అప్పటిదాకా దస్తావేజును పెద్ద పుస్తకాల్లోకి చేత్తో నకలు రాసేవాళ్లు. ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ కావాలంటే రోజుల తరబడి తిరగాలి. కార్డ్ వచ్చాక గంటల్లో పని అయింది. ఇది మంచి కథ. 2020 అక్టోబర్ 29న వచ్చిన తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి దానికంటే పెద్ద అంగ వేసింది. తహసీల్దారు దగ్గర ఒకే సిట్టింగులో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ. సాఫీగా ఉన్న భూమికి ఇది నిజంగా మేలే చేసింది, కాదనకూడదు.

సాఫీగా లేని భూమి సంగతే తలనొప్పి. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో ఎక్కిన తప్పులు అలాగే కంప్యూటర్‌లోకి పోయాయి. సర్వే నంబరులో ఒక ముక్క మీద వివాదం ఉంటే మొత్తం నంబరు నిషేధిత జాబితాలో పడ్డ ఊళ్లున్నాయి. ఊళ్లో ఎవరి పొలం ఎవరు దున్నుతున్నారో తెలిసిన వీఆర్ఓ వ్యవస్థను అప్పటికే, 2020 సెప్టెంబర్‌లో, రద్దు చేశారు. ఆ వీఆర్ఓల్లో చేయి తడిపితే గాని పని చేయనివాళ్లూ ఉండేవాళ్లు, నిజమే. కాని మనిషితో పాటు ఆ మనిషికి తెలిసిన సంగతీ పోయింది. పాత పహాణీలో ఉండే అనుభవదారు గడి ధరణి రికార్డులో లేకపోయింది. తప్పు దిద్దుకోవడానికి మొదట్లో దారే లేదు. తర్వాత ఒక్కో తప్పుకు ఒక్కో మాడ్యూల్ వచ్చింది. పేరులో అక్షరం దిద్దించుకోవాలన్నా టీఎం-33 అని మీసేవలో డబ్బు కట్టి, దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిందో తెలియక రైతు తిరగాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో అప్పీలుకు దారి పెట్టారు. అది ఎలా నడుస్తుందో చూడాలి. రాజకీయం పక్కనపెట్టి ఒక్క మాట: ధరణి గీసినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. 'ఇందులో ఎక్కింది తప్పయితే?' అని గట్టిగా అడిగే మనిషి ఆ గదిలో లేకపోయాడు, లేదా ఉన్నా చెల్లలేదు. రేపు అలాంటి గదిలో నువ్వు కూర్చుంటావు. అడగడానికి సిగ్గుపడకు, మేనేజర్ మొహం చిట్లించినా సరే.

అడగకపోతే ఎంత దూరం పోతుందో బ్రిటన్ పోస్టాఫీసు చూపించింది. 1999 నుంచి అక్కడ ఫుజిత్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ పెట్టారు. అది లేని లోటు చూపించింది. పోస్టాఫీసు కంప్యూటర్‌నే నమ్మింది. ఏళ్ల తరబడి 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. వాళ్లలో మన దేశ సంతతి మహిళ ఒకరు గర్భవతిగా ఉండగా 2010లో జైలుకు వెళ్లారు. 2019లో లండన్ హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది; 2024లో ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ కంపెనీలో ఆ లోపాల గురించి తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు బిడ్డా. నీలాగే చదువుకున్నవాళ్లు.

ఇప్పుడు నీ కాగితాల సంగతి. ఇదంతా చదివి, నీ సొంత రికార్డులో అబద్ధం ఎక్కిస్తే ఏం లాభం? కన్సల్టెన్సీ వాళ్లు చదువు ఉద్దేశం చెప్పే ఎస్ఓపీ వాళ్లే రాసిస్తామంటారు, పనిచేయని కంపెనీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ తెస్తామంటారు, బ్యాంకు బ్యాలెన్స్ నెల రోజులు చూపిస్తామంటారు. 'అందరూ చేసేదే' అన్న మాట దగ్గర చెవులు మూసుకో. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు, గుర్తుండే ఉంటుంది మీ బాపుకు. ఎలా దొరికిందో తెలుసా? ప్రభుత్వ డేటాబేస్‌లో సగానికి పైగా విద్యార్థులకు సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంది. ఆ యూనివర్సిటీ పెట్టినామెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీని ప్రభుత్వమే దొంగగా పెట్టి, క్లాసులు లేకుండా చేరినవాళ్లను 2019లో పట్టుకుంది. అలా వల పన్నడం న్యాయమా అన్న వాదన ఉంది, ఉండాల్సిందే. కాని ఆ వాదన జైల్లో కూర్చున్న పిల్లలకు పనికిరాలేదు.

డబ్బు దగ్గరా అంతే. తెలంగాణ ప్రభుత్వం మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో బీసీ విద్యార్థులకు విదేశీ చదువుకు 20 లక్షల దాకా ఇస్తుంది. మనం అర్హులమేమో చూసుకో. ఆదాయ పరిమితి ఉంది. మీ బాపు ఆదాయం అందులోకి వస్తే దరఖాస్తు పెట్టు; రాకపోతే తగ్గించి రాయించుకోవద్దు. నీ కంటే పేదింటి పిల్ల ఆ వరుసలో నిలబడి ఉంటుంది. మామూలు బ్యాంకు అప్పయితే 7.5 లక్షలు దాటాక తాకట్టు అడుగుతారు. కట్టే వడ్డీ మీద ఎనిమిదేళ్ల దాకా పన్ను మినహాయింపు ఉంది, కాని పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే.

యూనివర్సిటీ నుంచి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం వచ్చాక మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన ఉండే ఆరంకెల కోడ్ చూడు. చదువయ్యాక సాధారణంగా 12 నెలల ఓపీటీ, అంటే అక్కడ పనిచేసే అనుమతి, ఉంటుంది. ఆ కోడ్ స్టెమ్ జాబితాలో ఉంటేనే మరో 24 నెలలు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అన్న ఒకే పేరు మీద ఒక యూనివర్సిటీ ఒక కోడ్, ఇంకో యూనివర్సిటీ ఇంకో కోడ్ పెట్టుకుంటాయి. దీన్ని అడ్మిషన్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి అడుగు, ఏజెంటును కాదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి కాదు అన్నదాని మీద వివరణలు వచ్చాయి, కోర్టు కేసులూ పడ్డాయి. అక్కడే ఉద్యోగం దొరుకుతుందన్న లెక్క మీద అప్పు చేయకు. ఇక్కడికి తిరిగొచ్చి ఇక్కడి జీతంతో ఎన్నేళ్లలో తీరుతుందో ఆ లెక్క వేసి చూపించు.

వెళ్లక తప్పదని కూడా అనుకోవద్దు. రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీతో కలిసి ఐటీలో ఎంటెక్ నడిపిస్తూ వచ్చింది; ఇప్పుడూ ఉందేమో కనుక్కో. బ్యాంకుల లావాదేవీలు ఎలా నడుస్తాయో నేర్చుకోవడానికి అంతకంటే దగ్గరి చోటు మనకు లేదు. సీటు వదులుకొమ్మని కాదు, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని.

ఐ-20 మొదటి పేజీ, బ్యాంకు సాంక్షన్ లెటర్, వడ్డీ షరతులున్న పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. ఇక్కడ భటార్ రోడ్డులో తెలిసిన సీఏ ఉన్నాడు, ఆదివారం కూర్చుని చూస్తాడు. తాకట్టు జాబితాలో మీ అవ్వ బంగారం రాసి ఉంటే దాన్ని తీయించెయ్యి; ఆ మేరకు డబ్బు ఇక్కణ్నుంచి పంపిస్తాం, మీ బాపుతో మాట అయిపోయింది.

ఇట్లు,
మీ పెద్దబాపు