రాయి నిజమే, రంగు?

మా విహారానికి వచ్చే ఒక సోదరి ఈమధ్య మెడలోని ఆకుపచ్చ బిళ్ళ విప్పి మా ముందు పెట్టింది. బుద్ధుడి రూపం చెక్కిన జేడ్ రాయి. యాత్రలో ‘బర్మా రాయి, పుట్టు రంగు’ అంటే నమ్మి కొన్నదట. కూతురి కాలేజీ ఫీజు కోసం ఇప్పుడు అమ్మాలి. అసలుదో కాదో చూసి చెప్పమంది.

బుద్ధుడి బొమ్మకు పరీక్షేమిటని కొందరు నొచ్చుకున్నారు. గురువు చెప్పాడని కూడా నమ్మవద్దని కాలాములకు చెప్పినవాడి రూపం చూసి పరీక్ష మానుకుంటే, ఆ భక్తి వల్ల లాభం అమ్మేవాడికే. గీకడం మాత్రం వద్దన్నాం. చాకు మొన జేడ్‌పై గీత పెట్టలేదు నిజమే, క్వార్ట్జ్‌పైనా పెట్టలేదు. రంగు వేసిన క్వార్ట్‌జైట్‌ను ‘మలేసియా జేడ్’ పేరుతో అమ్మేవాళ్ళు ఈ పరీక్షను ధైర్యంగా చేసి చూపించగలరు.

బిళ్ళను తూచాం, 20 గ్రాములు. సన్నటి దారంతో నీళ్ళలో వేలాడదీసి తూచితే 14. తగ్గిన 6తో 20ని భాగిస్తే 3.33. జేడ్ పేరుతో రెండు వేర్వేరు రాళ్ళున్నాయి. నెఫ్రైట్ సాంద్రత 2.95 దగ్గర, జేడైట్‌ది 3.3 దగ్గర ఉంటుంది. క్వార్ట్జ్ 2.65 మాత్రమే. లెక్క జేడైట్‌కు సరిపోయింది. ఆమె ముఖం వెలిగింది.

తర్వాత పదింతలు పెద్దదిగా చూపే లెన్స్‌తో, వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాం. పుట్టు రంగు రేణువుల లోపల ఉంటుంది. వేసిన రంగు రేణువుల సందుల్లో, పగుళ్ళలో సాలెగూడులా పేరుకుంటుంది. మాకు కనిపించింది ఆ గూడే. అయినా కంటిచూపును నమ్మి ఒకరి సొమ్ముకు తీర్పు చెప్పలేం కనుక ల్యాబ్‌కు పంపాం. జేడైటే, రంగు మాత్రం వేసిందేనని నివేదిక వచ్చింది. క్రోమియం వల్ల పచ్చనైన రాయికి స్పెక్ట్రోస్కోప్‌లో ఎరుపు వైపు సన్నటి గీతలు కనిపిస్తాయి. దీనికి ఆ చోట ఒక వెడల్పాటి పట్టీ ఉందట.

అప్పుడు ఆమె అడిగింది: “నేను మోసపోయి కొన్నాను. ‘జేడే’ అని అమ్మి ఊరుకుంటే తప్పా? జేడే కదా!”

లా చదివిన మాకు జవాబు తేలిక కాలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు, మాట్లాడాల్సిన బాధ్యత ఉంటేనో, ఆ మౌనమే మాటతో సమానమైతేనో తప్ప. ఆ ‘తప్ప’ దగ్గర వకీళ్ళు రోజులు గడపగలరు. ముసావాదాన్ని వదులుతామన్న శీలం ముందు మాత్రం ప్రశ్న చిన్నది. కొనేవాడు ఏమనుకోవాలని మనం నోరు మూసుకున్నాం? పుట్టు రంగనుకోవాలనే అయితే, పలకకపోయినా అబద్ధం ఆడినట్టే. ఆమెకు అదే చెప్పాం. చెబుతున్నప్పుడు మనసు పీకింది. ఫీజు కట్టాల్సింది మేము కాదు. మోసం చేసినవాడు హాయిగా ఉన్నాడు, సత్యం ఖరీదు మోసపోయినామె చెల్లించాలి. వినియోగదారుల ఫిర్యాదు వేద్దామంటే, రసీదులో ‘గ్రీన్ స్టోన్’ అని మాత్రమే ఉంది. ఆ రాసినవాడికి చట్టం మాకన్నా బాగా తెలుసు!

ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నివేదికతో సహా బిళ్ళను దుకాణంలో చూపించింది. వాళ్ళు ఇస్తామన్న ధర ఫీజులో పావు వంతు కూడా కాదు. తిరిగి మెడలో వేసుకుంది. విహారంలో చందా వేసి సగం ఫీజు కట్టాం. మిగతా సగానికి వచ్చే నెల గడువుంది.