ఒక్క నిమిషం అంటే ఎంతసేపు?

ఇంగ్లీషు భాష మనకిచ్చిన మాటల్లో రోజుకి ఎక్కువసార్లు నోట వచ్చేది ఏదంటే, నన్నడిగితే "థాంక్యూ" కాదు, "సారీ" అంతకన్నా కాదు. "వన్ మినిట్!" ఫోనులో "వన్ మినిట్", బ్యాంకు కౌంటర్లో "వన్ మినిట్ మేడమ్", స్నానాల గదిలోంచి "జస్ట్ ఎ మినిట్". నిమిషానికి అరవై సెకన్లని ఒకటో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. కానీ ఈ మాట విని గడియారం చూసుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. అది అరవై సెకన్లు కాదని చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. మరి అందరికీ తెలిసీ ఆడే ఈ మాట అబద్ధమా, కాదా?

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు గంపెడు ఉన్నాయి. "ఇన్ ఎ ట్రైస్" అంటే మొదట్లో తాడు పట్టుకుని ఒక్క లాగు లాగినంత సేపు. "టూ షేక్స్ ఆఫ్ ఎ లాంబ్స్ టెయిల్" అంటే గొర్రెపిల్ల రెండుసార్లు తోక ఊపినంత సేపు. "ట్వింక్లింగ్ ఆఫ్ యాన్ ఐ" మన రెప్పపాటుకి అచ్చంగా తోబుట్టువు. "జిఫ్ఫీ" ఉంది, "టిక్" ఉంది. అదీ ఎక్కువనుకుంటే "హాఫ్ ఎ టిక్" ఉంది. ఇవన్నీ చాలవన్నట్టు "ఇన్ నో టైమ్" అని ఇంకొకటి. అసలు కాలమే పట్టదట, వినండి!

తమాషా ఏమిటంటే, ఈ మాటల్ని కొలతల్లో బిగించాలని చూసినవాళ్ళూ ఉన్నారు. బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి 725లో రాసిన కాలగణన గ్రంథంలో గంటకి నలభై "మొమెంట్లు". ఇప్పటి గంటతో లెక్కేస్తే ఒక్కోటి తొంభై సెకన్లు. మనవాళ్ళేం తక్కువ తినలేదు. అమరకోశం లెక్కలో పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తమంటే నలభై ఎనిమిది నిమిషాలు గనక, క్షణమంటే నాలుగు నిమిషాలన్నమాట. "క్షణంలో వస్తా"నని వెళ్ళి మూడు నిమిషాలకి తిరిగొచ్చినవాణ్ణి, అమరసింహుడి లెక్కప్రకారం, ముందే వచ్చాడని మెచ్చుకోవాలి!

ఈ కాలపు శాస్త్రవేత్తలు ఇంకా ముందుకెళ్ళారు. 1940లలో అమెరికాలో అణుబాంబు తయారుచేసినవాళ్ళు ఆ గొర్రెపిల్ల తోకనే తీసుకుని, సెకనులో పదికోట్లో వంతుకి "షేక్" అని పేరు పెట్టుకున్నారు. సెకను సంగతి సరేసరి. 1967లో దాన్ని సీజియం అణువుతో ముడిపెట్టి, అందులోంచి వచ్చే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను అని తేల్చారు. అంత ఖచ్చితంగా కొలిచిన తర్వాత కూడా మనింట్లో "ఒక్క సెకనండీ" అన్న మనిషి పేపరు చివరి పేజీ దాకా చదివిగానీ లేవడు.

అయితే ఈ మాటల చరిత్రలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన సంగతి వేరే ఉంది. "సూన్" అంటే ఇవాళ "త్వరలో". వెయ్యేళ్ళ కిందట దాని అర్థం "వెంటనే". "ప్రెజెంట్లీ" అన్నా ఒకప్పుడు "తక్షణం" అనే. పోను పోను అది "కాసేపట్లో" అయింది. "బై అండ్ బై" అంటే ఇప్పుడు "ఎప్పుడో ఒకప్పుడు". కానీ 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో హేరోదియ కూతురు యోహాను తలని పళ్ళెంలో పెట్టి "బై అండ్ బై" ఇప్పించమంటుంది. తీరిగ్గా ఇవ్వమని కాదు పాపం ఆవిడ అడిగింది, ఉన్నపళంగా!

ఎవరు మార్చారు వీటి అర్థాలు? ఏ పండితులూ సభ పెట్టి మార్చలేదు. "ఇదిగో వెంటనే" అని, కాసేపటికి గానీ లేవని మామూలు మనుషులే మార్చారు. తరాల తరబడి ఆలస్యం చేస్తూ పోతే ఆ ఆలస్యమే మాటకి అర్థమై కూర్చుంది. దక్షిణాఫ్రికా ఇంగ్లీషులోనైతే "జస్ట్ నౌ" అంటే "ఇంకాసేపటికి" అనే అర్థం. మనం నవ్వనక్కర్లేదు లెండి. "ఆన్ ది వే" అని ఫోనులో చెప్పి అప్పుడు చెప్పుల కోసం వెతుక్కునేవాళ్ళు మనింట్లోనూ ఉన్నారు.

అంటే ఇవన్నీ కాలాన్ని కొలిచే మాటలు కానే కావు. ఎదురుచూసే మనిషికి ఇచ్చే చిన్న చిన్న మాటలు. "నువ్వక్కడ ఉన్నావని నాకు తెలుసు, నిన్ను మరిచిపోలేదు" అని చెప్పడమే వాటి పని. అందుకే అరవై సెకన్లు దాటినంత మాత్రాన అబద్ధమైపోవు. ఆ మనిషిని నిజంగానే మరిచిపోయినప్పుడు అబద్ధమవుతాయి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. షేక్స్పియర్ "నాలుగో హెన్రీ" నాటకం మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అని సారాకొట్టులో పనిచేసే కుర్రాడొకడుంటాడు. యువరాజు సరదా కోసం వాణ్ణి ఈ గదిలో మాటల్లో పెట్టి, పక్క గదిలోంచి స్నేహితుడి చేత పిలిపిస్తూ ఉంటాడు. వాడు "ఎనాన్, ఎనాన్" అంటూనే ఉంటాడు. "ఎనాన్" అన్నా ఒకప్పుడు "తక్షణమే" అనే. చివరికి ఎటు వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడిపోతాడు. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం వాణ్ణి తలుచుకుంటే పొద్దున్న ఎనిమిదింటికి వంటింట్లో ఇల్లాలే గుర్తొస్తుంది. ఒకవైపు మావగారి కాఫీ, ఒకవైపు పిల్లల జడలు, వీధి గుమ్మంలో పాలవాడు. అందరికీ "ఒక్క నిమిషం" అంటుంది. ఆవిడది అబద్ధమా? ఉన్న రెండు చేతులతో నలుగురికి మాటివ్వడం అది. తీరిగ్గా కూర్చుని మనల్ని నిలబెట్టేవాడి "వన్ మినిట్"ని, ఆవిడ "ఒక్క నిమిషాన్ని" ఒకే త్రాసులో తూచకూడదు.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తీరికలేనివాళ్ళం కూడా ఎక్కువగా ఎవర్ని నిలబెడతాం? ఆఫీసరుని నిలబెట్టం, వియ్యపురాలిని అసలే నిలబెట్టం. ఎదురు చెప్పలేనివాళ్ళనే, అంటే చంటిపిల్లల్నీ ముసలివాళ్ళనీ నిలబెడతాం. పిల్లల నిమిషం చాలా పెద్దది, ఎంతకీ తరగదు. ముసలివాళ్ళకేమో మిగిలినవే కొన్ని.

మా పక్కింటి నాలుగేళ్ళ పిల్ల ఒకరోజు ఏదో బొమ్మ గీసి తల్లి దగ్గరికి పరిగెత్తింది. తల్లి పొయ్యి దగ్గర్నించి "వన్ మినిట్ అమ్మా" అంది. ఆ పిల్ల నిలబడి, "పెద్ద మినిటా, చిన్న మినిటా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆ తల్లి నవ్వలేదు. వెనక్కి తిరిగి పిల్ల మొహం చూసి, "పెద్దదే తల్లీ. కుక్కరు ఇంకా మూడు కూతలు కూయాలి. లెక్కపెడుతూ ఉండు" అంది. ఆ పిల్ల గడపమీద కూర్చుని వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టింది. మూడో కూతకి తల్లి స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి బొమ్మ చూసింది.

పూర్వం ఆడవాళ్ళు "పాలు పొంగేలోగా వస్తా", "అన్నం వార్చి వస్తా" అనేవారు. ఆ మాటల్లో గడియారం లేదు గానీ, ఎదురుచూసేవాళ్ళు కూడా కళ్ళారా చూసుకోగలిగిన గుర్తు ఉండేది. ఎంతసేపో తెలిస్తే ఎదురుచూడడం అంత కష్టమేమీ కాదు. అది తెలియకపోవడమే ప్రాణం తీస్తుంది.

"వన్ మినిట్" మానెయ్యమని నేననను. మానమన్నా మానలేం. పదినిమిషాలు పడుతుందని తెలిసినప్పుడు మాత్రం పదినిమిషాలని చెబుదాం. పక్క గదిలో మంచం మీంచి ఓ పెద్దావిడ పిలిచినప్పుడు మరీను. పదినిమిషాలని చెబితే ఆవిడేమీ అనుకోదు. పక్కకి ఒత్తిగిలి, కాస్త కళ్ళు మూసుకుంటుంది. ఒక్క నిమిషమంటే మాత్రం గుమ్మం వంకే చూస్తూ ఉంటుంది.