చీర ఒకటే, తీర్పులు రెండు

ఉస్మానియా క్యాంపస్‌లో ఒక సెమినార్‌లో ‘డ్రాగ్ – మన ఆడవేషం’ అని పత్రం చదివాను. కులస్త్రీలు నాటకాలాడితే పరువు పోతుందనుకున్న రోజుల్లో స్థానం నరసింహారావు సత్యభామగా జనాన్ని మెప్పించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి భామవేషధారి వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో అదే గౌరవం దక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటికెళ్తుంటే తార్నాక చౌరస్తాలో షేర్ ఆటో ఆగింది. ఒక హిజ్రా చప్పట్లు కొడుతూ దగ్గరికొచ్చింది. “ఏం వేషాలివి?” అని పక్కనున్నాయన కసిరాడు. పొద్దున నేను పొగిడిందీ వేషాన్నే!

నైజాం కాలపు 1329 ఫసలీ (1919) చట్టం ప్రకారం హిజ్రాలు ఆడబట్టల్లో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా నేరమే. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో!

తెర పడ్డాక చీర విప్పేసి మగవాడిగా ఇంటికెళ్లగలిగితే కళ. ఆ చీరలోనే బతుకుతానంటే నేరం. అంటే మనం మెచ్చుకున్నది ఆడతనాన్ని కాదు, దాన్ని వదిలేసి వెళ్లగల వెసులుబాటుని. ఆ వెసులుబాటు ఆమెకి లేదు. నాకూ లేదు.

అయినా ఆటోలో నేను నోరు విప్పలేదు. అచ్చుకిచ్చే ముందు ఈ మౌనాన్ని కూడా పత్రంలో చేర్చాలి.