వీరగల్లు ఎవరి కోసం?

ఊరి కోసమో, ఏలిక కోసమో, పశువుల మంద కోసమో పోరాడి చనిపోయినవాడి పేరున నిలిపిన రాయి వీరగల్లు. బెంగళూరు నేలలో ఇవి చాలానే దొరికాయి. హెబ్బాళలో బయటపడ్డ కిట్టయ్య రాయి క్రీ.శ. 750 ప్రాంతానిది, గంగవంశపు రాజు శ్రీపురుషుని కాలం నాటిది. బేగూరు నాగేశ్వరాలయంలో ఉన్న 890 నాటి శాసనం బెంగళూరు యుద్ధంలో చనిపోయిన బుట్టనసెట్టిని తలుచుకుంటుంది. అందులో నాగత్తరుడనే గంగ అధికారి పేరూ ఉంది. ఇంత పెద్ద నగరం పేరు తొలిసారి రాతికెక్కింది ఒక వీరుడి చావు వల్లే.

ఈ రాళ్లను చాలావరకు కిందినుంచి పైకి చదువుకోవాలి. అడుగు అరలో పోరు. వీరుడు శత్రువులకన్నా పెద్దగా, ఆయుధం ఎత్తి ఉంటాడు. నడిమి అరలో అప్సరసలు అతణ్ణి చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం, పూజారి, పక్కనే చేతులు జోడించి కూర్చున్న వీరుడు. ఆ పైన సూర్యచంద్రులు: వాళ్లున్నంత కాలం ఈ పేరూ ఉంటుందని. అన్ని రాళ్లూ ఈ వరుసలో ఉండవు. బేగూరు నుంచి బెంగళూరు ప్రభుత్వ మ్యూజియానికి చేరిన నాగత్తరుడి రాతిపై ఏనుగులు, గుర్రాలతో యుద్ధమే పరుచుకుని ఉంటుంది.

అరలుగా విడగొట్టడం, గొప్పవాణ్ణి పెద్దగా చెక్కడం ఈజిప్టు తొలి కళలోనూ ఉన్నాయి. క్రీ.పూ. 3100 నాటి నార్మర్ పలకపై రాజు అందరికన్నా పెద్దగా నిలబడి శత్రువును మోదబోతుంటాడు. కానీ ఆ కళ వెనకున్న ఆశ వేరు. సక్కారాలో జోసర్ రాజు విగ్రహాన్ని నాలుగువైపులా మూసిన గదిలో పెట్టి, అది బయటికి చూడటానికి గోడకు రెండు కన్నాలు మాత్రమే ఉంచారు. ఆ విగ్రహం చనిపోయిన రాజు ప్రాణశక్తి నిలిచే చోటు. పరలోకానికి దారిచూపే పిరమిడ్ మంత్రాలనూ మొదట రాజుల సమాధుల్లోనే చెక్కారు.

వీరగల్లు మాత్రం పదిమందీ తిరిగేచోట నిలబడింది. యుద్ధంలో చచ్చినవాడికి స్వర్గమేనన్న మాట గీతలో ఉంది, అయితే అక్కడ వింటున్నవాడు క్షత్రియుడు. ఈ రాళ్లు ఆ స్వర్గాన్ని సెట్టికీ, పశువుల కాపరికీ తెరిచాయి. అందుకు కులం కాదు, జన్మాంతర పుణ్యమూ కాదు, ఆ ఒక్కనాటి తెగింపు చాలు. కర్మసిద్ధాంతం పక్కనే శిల్పులు నిలబెట్టిన ఈ నమ్మకం శాస్త్రగ్రంథాలకు తీసిపోని ధర్మచింతన.

తెలుగునాట ఆ నమ్మకం నేటికీ పూజలందుకుంటోంది. పల్నాడులోని కారంపూడిలో ఆ నేలపై పోరాడి చనిపోయిన వీరుల పేరున ఏటా కార్తీకమాసంలో ఉత్సవాలు జరుగుతాయి.